ముత్తయ్య రుచి చూడమన్న పొడి

ఆర్మూరు చూడ్డానికని ఎవరూ వెళ్ళరు. పసుపు అమ్మడానికి వెళ్తారు, కొనడానికి వెళ్తారు, బస్సు మారడానికి దిగుతారు. నేను మాత్రం రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఎనభై నాలుగులో, ఒక టేకు కప్పు విప్పించడానికి. రెండోసారి తొంభై ఆరు ఫిబ్రవరిలో, ఆ కప్పు పోయి వచ్చిన స్లాబును కొలవడానికి. ఈ రాత రెండో ప్రయాణం గురించే. కానీ మొదటిదాని సంగతి కాస్త చెప్పకపోతే ముందుకు నడవదు.

అప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర కుర్ర ఇంజనీరుని. ఆర్మూరులో పసుపు అడ్తి వ్యాపారం చేసే శంకరయ్య సేటు తన గోదాం మీద ఇంకో అంతస్తు వేసుకోవచ్చా అని చూడమని పిలిపించాడు. గోదాం కప్పుకు పద్నాలుగు టేకు దూలాలున్నాయి. వాటి కింద నేల మీద వరసగా, దూలం నీడ పడ్డట్టు, లేత పసుపు రంగు పొడి రాలి ఉంది. పుప్పి పట్టిన, అంటే పురుగు లోపల తొలిచేసిన, కర్ర రాల్చే పొడి సరిగ్గా ఆ రంగులోనే ఉంటుందని నేను పుస్తకంలో చదివాను. పైగా కర్రలో అక్కడక్కడా చిన్న బెజ్జాలు కూడా కనిపించాయి. ఇంకేం, తేల్చేశాను.

నలభై ఏళ్ళ కిందట ఆ కప్పు వేసింది వడ్రంగి ముత్తయ్య. అక్కడ వడ్ల అంటే వడ్రంగే, ఊళ్ళో వడ్ల ముత్తయ్య అంటారు. అప్పటికే ముసలివాడు. ఆయన కిందకు వంగి, ఆ పొడిని చిటికెడు తీసి, అరచేతిలో పెట్టుకుని నా ముందుకు చాపాడు. "పుప్పి కాదు సార్. జర నాలుక మీద పెట్టి చూడుండ్రి" అన్నాడు. చుట్టూ హమాలీలు, రైతులు, సేటు గుమాస్తాలు. నాకు ఇరవై ఆరేళ్ళు. "నాలుక మీద పెట్టి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడానికి నేనేమన్నా వంటవాడినా?" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ముత్తయ్య అరచెయ్యి మూసుకున్నాడు.

నోట్‌బుక్కు చివరి పేజీలో "దూలాలకు పుప్పి. పనికిరావు" అని రాసి సంతకం పెట్టాను. నెల తిరక్కుండా కప్పు విప్పేశారు.

మాక్లూరు దాటాక

పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ ఎందుకు వెళ్ళానంటే, మూర్తి వల్ల. మూర్తి, నేను భీమవరం దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్తాం. భూమి వేడెక్కుతోందని పేపర్లలో రాయడం మొదలైన రోజులు. మూర్తికి ఒక ఆలోచన వచ్చింది. ఒకే గోడల మీద ఒకసారి కర్ర కప్పు, ఇంకోసారి కాంక్రీటు కప్పు వేస్తే, ఏ కప్పు వల్ల గాలిలోకి ఎంత బొగ్గుపొగ పోతుందో లెక్క కట్టాలి. సిమెంటు బట్టీ బొగ్గు తింటుంది, అందులో కాలే సున్నపురాయి కూడా తన వంతు వాయువు వదులుతుంది, ఇనుము సంగతి చెప్పనే అక్కర్లేదు. చెట్టు అలా కాదు. గాలిలోంచి తీసుకున్నది దూలంలో దాచుకుని కూర్చుంటుంది, కుళ్ళనంతకాలం, కాలనంతకాలం. కాబట్టి లెక్కంతా ఒక్క ప్రశ్న మీద ఆగుతుంది: కర్ర కప్పు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

"రెండు కప్పులూ చూసిన గోడలు ఎక్కడ దొరుకుతాయిరా?" అన్నాడు మూర్తి. నా పాత నోట్‌బుక్కు తీసి చూపించాను. పద్నాలుగు దూలాల పొడుగూ మందమూ అందులో ఉన్నాయి. వాడు చివరి పేజీ చదివి, "నలభై ఏళ్ళకే పోయిందన్నమాట. అయితే కాంక్రీటే గెలిచేలా ఉంది" అన్నాడు. నేను తల ఊపాను. మూసుకున్న ఆ అరచెయ్యి గుర్తుకొచ్చి ఆ రోజంతా మనసు బాగాలేదు. నేను రాసింది తప్పయితే లెక్క తప్పుతుంది, అది సర్దుకోవచ్చు. కానీ ముత్తయ్యది ఒప్పయితే ఆయన చేతిపనికి నేను మచ్చ తెచ్చినట్టే. స్లాబు కొలవడం ఒక వంక. అసలు తేల్చుకోవాల్సింది అదే.

మాక్లూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా కళ్ళాల్లో పసుపు ఆరబోసి ఉంది. మా గోదావరి జిల్లాలో ఇలా ఆరబోసేది ధాన్యాన్ని. మా ఇంట్లో పసుపంటే గడపకు రాసేది, తాలింపులో చిటికెడు పడేది, జలుబుకు పాలల్లో కలిపేది. అది గుట్టలు గుట్టలుగా నేలమీద పడి ఉండటం చూస్తే చిత్రంగా ఉంటుంది. బస్సులో పక్కన కూర్చున్న రైతు నా తెల్ల చొక్కా చూసి, "సార్, ఆర్మూరుకు తెల్లది తొడుక్కొని వస్తున్నరా" అని జాలిగా అడిగాడు.

ఆర్మూరు

ఆ జాలి ఎందుకో దిగిన గంటకు తెలిసింది. మార్కెట్‌లో బస్తా మీద కూర్చుని చాయ్ తాగాను. రెండు రూపాయల చాయ్, చక్కెర మస్తుగా ఉంది. లేచేసరికి చొక్కా వెనకంతా పచ్చగా అయింది. లాడ్జికి పోయి సబ్బుతో ఉతికితే మరక ఎర్రగా తిరిగింది. పసుపుకు సున్నం తగిలినా, సబ్బు తగిలినా ఎర్రబడుతుందని చిన్నప్పుడు హారతి పళ్ళెంలో చూసినవాణ్ణే. ఆ ఎర్రచొక్కా బకెట్లో పెట్టి కాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఆనాడు గోదాం గోడలకు వేసింది సున్నమే. పొడి కాస్త తడిపి గోడకు రాసినా పసుపో పుప్పో తేలిపోయేది, నాలుక దాకా పోనక్కర్లేదు.

శంకరయ్య సేటు లావయ్యాడు, మర్యాద తగ్గలేదు. గోదాం తలుపు తానే తీశాడు. పైన వేద్దామనుకున్న అంతస్తు ఇంకా లేవలేదు. స్లాబు కింద అడుగు పెడితే వేడి నెత్తిమీద చెయ్యి వేసి నొక్కినట్టుంది. ఫిబ్రవరికే అలా ఉంటే మేలో ఎలా ఉంటుందో. ఒక మూల పెచ్చులూడి లోపలి ఇనప చువ్వలు తుప్పుతో కనిపిస్తున్నాయి. ఆనాడు ఇదే సేటుకు "వందేళ్ళు చూసుకోనక్కర్లేదు" అని చెప్పింది నేనే.

"వానకాలం గీడ చెమ్మ దిగుతది సార్. సరుకుకు బూజు పట్టకుంట తిప్పుకుంట ఉండాలె" అన్నాడు సేటు, ఫిర్యాదులా కాకుండా వాతావరణం సంగతి చెప్పినట్టు.

"పాత కప్పు కింద చెమ్మ ఉండేదా?"

"ఉంటే మా తాత గీ వ్యాపారం చేస్తుండెనా?"

టేపు పట్టుకుని కొలతలు తీసుకుంటుంటే పక్క స్థలంలోంచి సుత్తి చప్పుడు వినిపిస్తోంది. అక్కడ ఇంకెవరిదో స్లాబుకు సెంట్రింగ్ కొడుతున్నారు. చెక్కలు పరిచి కింద కర్రలు నిలబెట్టి, కాంక్రీటు గట్టిపడేదాకా మోయడానికి చేసే పని అది. సేటు గోడ మీదుగా చూపించాడు. "గాయన్నే నర్సయ్య. ముత్తయ్య కొడుకు."

సెంట్రింగ్ దగ్గర

నర్సయ్యకు యాభై దాటి ఉంటాయి. నోట్లో మేకులు పెట్టుకుని పని చేస్తున్నాడు. నన్ను చూసి మేకులు చేతిలోకి ఉమ్మి, "ఇంజనీర్ సారు గదా. అప్పుడు సన్నగ ఉంటిరి" అన్నాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన చెక్కల మీద తుండుగుడ్డ పరిచి కూర్చోమన్నాడు.

ముత్తయ్య పోయి పదేళ్ళయిందట. సేటు కప్పు విప్పాక ఊళ్ళో ఎవరూ ఆయన్ని కొత్త కప్పుకు పిలవలేదు. "ముత్తయ్య పెట్టిన కట్టెకు పుప్పి పడుతదట అని ఒక్కలు అంటే పదిమంది అన్నరు. ఇగ కొడుకును నన్ను మాత్రం ఎవ్వడు పిలుస్తడు? టేకు మీద చెయ్యి తిరిగినోన్ని, మామిడి చెక్కలకు మేకులు కొట్టుకుంట ఉన్న." సెంట్రింగ్ చెక్క నాలుగైదు స్లాబులకు వంకర పోతుందనీ, ఆ తర్వాత అది పసుపు ఉడకబెట్టే పొయ్యిలోకి పోతుందనీ చెప్పాడు. "స్లాబుకు కట్టె ఖర్చు లేదనుకుంటరు సార్. ఉంటది. కనపడది, గంతే."

మా లెక్కలో ఆ చెక్కలు లేనే లేవు. నోట్‌బుక్కు తీసి రాసుకున్నాను.

"మరి స్లాబు వద్దంటావా నర్సయ్యా?" అని అడిగాను.

"నేనెట్లంట? అప్పటి టేకు ఇప్పుడు యాడుంది? కొట్టినోల్లు మల్ల నాటలేదు. నేను అనేది ఒక్కటే, ఉన్నదాన్ని ఎందుకు విప్పాలె అని."

చివరికి ధైర్యం చేసి, ఆ దూలాలు ఏమయ్యాయని అడిగాను. పొయ్యిలోకే పోయి ఉంటాయని నా అనుమానం. పోయి ఉంటే తేల్చుకునేది ఏమీ ఉండదు కదా అనే ఆశ కూడా ఎక్కడో ఉంది, అబద్ధం ఎందుకు.

"పుప్పి కట్టె అని సేటు అగ్గువకు అమ్మిండు. భీమ్‌గల్ దిక్కు ఒకామె కొన్నది. రేపు నాకు పని లేదు. వస్తరా, చూపిస్త."

భీమ్‌గల్ దారిలో

పొద్దున్నే బస్సెక్కాం. వేల్పూర్ దగ్గర టైరు పంచరయి గంటసేపు ఆగింది. నర్సయ్య దిగి రోడ్డు పక్కన ఉడికించిన పసుపు ఆరబోస్తున్నవాళ్ళతో కబుర్లలో పడ్డాడు. నేను ఒక కొమ్మును విరిచి చూశాను. లోపల అగ్గి రంగు. గోదావరి అవతలి అడవుల నుంచి బండ్ల మీద టేకు వచ్చిన రోజుల గురించి నర్సయ్య చెప్తుంటే, ఆ గోదావరే మా ఊరి కాలువల్లోకి వచ్చేదని చెప్పాను. "అయితే మీకు మా నీళ్ళు అచ్చినయ్, మాకు మీరు అచ్చిండ్రు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆమె పేరు లసుమవ్వ. భర్త లేడు, ముగ్గురు కూలీలను పెట్టుకుని పసుపు, మొక్కజొన్న తనే పండిస్తుంది. గుట్టల కింద ఇల్లు, ఇంటికి ఆనుకుని పసుపు నిల్వ చేసే పెద్ద కొట్టం. మేం వెళ్ళేసరికి కళ్ళంలో కడాయి ఉడుకుతోంది, మట్టివాసన కలిసిన పసుపు ఆవిరి కళ్ళకు తగులుతోంది. ఆమె పని ఆపకుండానే, "ముందుగాల తినుండ్రి, దూలాలు యాడికి పోవు" అంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. మా వైపు మూడు పూటలా అన్నమే తింటామని చెబితే ఆమె నమ్మలేదు. "మరి పనెప్పుడు చేస్తరు?" అని అడిగింది. కారానికి నా కళ్ళ నీళ్ళు చూసి మజ్జిగ పోసింది.

కొట్టంలో

బయటి ఎండ నుంచి కొట్టంలోకి వెళ్తే ఒళ్ళు చల్లబడింది. పైకి చూశాను. దూలం మీద ఎర్ర రంగుతో నాలుగు అంకె ఉంది. దాని పక్కది అయిదు. నేను ఎనభై నాలుగులో కొలతలు తప్పిపోకుండా నా చేత్తో వేసిన అంకెలే. ఏడో దూలం మీద అంకె పక్కన ఇంటూ గుర్తు కూడా ఉంది. మరీ చెడిపోయిందని దానికి ప్రత్యేకంగా పెట్టాను.

నిచ్చెన వేసుకుని ఎక్కాను. జేబుకత్తితో ఏడో దూలాన్ని గుచ్చితే మొన కూడా దిగలేదు. సుత్తితో కొడితే ఖంగుమంది. బెజ్జాల్లో పుల్ల పెట్టి చూశాను. పైపొరలో కొంచెం లోతు పోయి ఆగిపోయాయి, ఎప్పటివో, చచ్చిన బెజ్జాలు. ఒక్కొక్కటే పద్నాలుగూ చూశాను. చెమటలు పట్టాయి, కొట్టం చల్లగా ఉన్నా.

దిగేసరికి, నేల మీద తెరిచి పెట్టిన నా పాత నోట్‌బుక్కు చివరి పేజీ నిండా లేత పసుపు పొడి రాలి ఉంది. నేను ఎక్కి కదపడం వల్ల ఇంకా రాలుతోంది. ఆనాడు గోదాంలో చూసింది ఇదే, రంగు కూడా తేడా లేదు.

"ఇదేం పొడి?" అని లసుమవ్వను అడిగాను. నాకు జవాబు తెలిసిపోయింది, అయినా అడిగాను.

"పసుపే. ఆఖరి కడాయి దించినంక అడుగున ముద్ద మిగులుతది గదా, దాన్ల ఆముదం కలిపి దూలాలకు రాస్తం. ఎండినంక ఏడాది పొడుగు గిట్లనే రాలుతది. ముత్తయ్య తాత చెప్పిండు. గీ కట్టెకు గిదొక్కటి చెయ్యి బిడ్డా, పురుగు దగ్గరికి రాదు, ఇగ నువ్వు దాని ఫికర్ చెయ్యకు అన్నడు. సేటు గోదాంల గూడ ఏడాదికోసారి తాతనే పోయి రాస్తుండెనట."

నర్సయ్య గుమ్మం దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు, నా వైపు కాదు. నేను ఆ పేజీ మీది పొడిని చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకున్నాను. చేదు, వగరు, కొంచెం మట్టి రుచి. వంటింట్లో పుట్టి పెరిగిన ఎవరైనా కళ్ళు మూసుకుని చెప్పగలిగే రుచి. ఆనాడు ఒక్క క్షణం పట్టేది.

"నర్సయ్యా, తప్పు నాది" అన్నాను.

ఆయన వచ్చి ఏడో దూలం కింద నిలబెట్టిన మొగురం మీద చెయ్యి వేశాడు. "గివి సేటు అమ్మిండని తెలిసి బాపే గీడికొచ్చిండు. లసుమవ్వ పిలవలేదు, పైసలు అడగలేదు. నేను ఎక్కుత నువ్వు కింద ఉండు అంటే వినకపాయె. తనే ఎక్కి కూసుండబెట్టిండు పద్నాలుగు. అదే ఆఖరి పని." నా వైపు తిరిగి, "మీరు బుక్కుల రాస్తరు గదా సార్ గీ లెక్క. గందుల మా బాపు పేరు ఎయ్యుండ్రి. కట్టె మంచిగుందని ఆయనే చెప్పిండని. గంతే నేనడిగేది" అన్నాడు.

వేస్తానని మాటిచ్చాను. లసుమవ్వ కూడా వింది.

మళ్ళీ సేటు దుకాణం

అది చాలదనిపించింది. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. మర్నాడు నర్సయ్యను బతిమాలి వెంటపెట్టుకుని, సరుకు వచ్చే వేళకు సేటు దుకాణానికి వెళ్ళాను. రైతులు, హమాలీలు, గుమాస్తాలు, అంతా ఆనాటిలాగే ఉంది. నిలబడి చెప్పాను. పన్నెండేళ్ళ కిందట ఈ గోదాం దూలాలకు పుప్పి పట్టిందని నేను రాసింది తప్పు, అది పసుపు పొడి, ముత్తయ్య చెప్పిందే నిజం, దూలాలు భీమ్‌గల్ దగ్గర రాయిలా ఉన్నాయి అని.

రైతులు మర్యాదగా విన్నారు. వాళ్ళకు ముత్తయ్య ఎవరో తెలియదు. గుమాస్తాలు కొత్తవాళ్ళు. సేటు గల్లాపెట్టె మీద వేళ్ళు ఆడిస్తూ, "నాకు అనుమానం ఉండె సార్. రాసేది పసుపేనని నాకు తెల్వదా? గని అప్పుడు స్లాబు మీద మనసుండె. మీ మాట అక్కరకొచ్చింది" అన్నాడు. నా తప్పును ఆయన మొయ్యలేడు, ఆయనది నేను మొయ్యలేను.

అప్పుడు వెనక నుంచి పోశయ్య అనే ముసలి హమాలీ ముందుకొచ్చాడు. ఆయనకొక్కడికే అన్నీ గుర్తున్నాయి. మొహం వెలిగిపోయింది. "నాకు యాదికున్నది. ఉప్పు చూసి చెప్పెతందుకు నేనేమన్న వంటోన్నా అన్నరు గదా సార్. మస్తు నవ్వినం ఆ దినం" అని, చుట్టూ ఉన్నవాళ్ళకు మొత్తం చేసి చూపించాడు. ముత్తయ్య చెయ్యి చాపడం, నేను ఆ మాట అనడం. అందరూ నవ్వారు. గుమాస్తాలు కూడా నవ్వారు. ఇంతసేపు నేను చెప్పింది పోయింది, అదొక్కటే నిలిచింది.

నర్సయ్య తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. "పోత సార్. సెంట్రింగ్ కాడ మనుషులు ఆగిండ్రు" అన్నాడు. పక్క స్థలంలో సుత్తి చప్పుడు మొదలవడం వింటూ కాసేపు అక్కడే ఉండి, బస్టాండుకు నడిచాను.

ఇంటికొచ్చాక

లెక్క తేలింది. కర్రే గెలిచింది, చిన్న తేడాతో కాదు. కొట్టిన చెట్టు చోట ఇంకోటి నాటితేనే అనే షరతు రాశాం. సెంట్రింగ్ చెక్కలు కూడా కలిపాం. పట్టికలో "కప్పు మన్నిక" అనే గడి పక్కన "ఆధారం" అని ఒక గడి ఉంది. అందులో నేను "వడ్ల ముత్తయ్య, వడ్రంగి, ఆర్మూర్" అని రాశాను.

మూర్తి చూసి కొట్టేశాడు. "చనిపోయిన వడ్రంగి మాట ఆధారంగా ఎవరు ఒప్పుకుంటారురా? కత్తితో గుచ్చింది నువ్వు, సుత్తితో కొట్టింది నువ్వు, ఇంజనీరువి నువ్వు. నీ పేరు వెయ్యి" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. వాదించాను, గట్టిగా కాదు. పత్రికకు పంపే గడువు దగ్గరపడింది, నేను ఊరుకున్నాను. అచ్చయి వచ్చిన వ్యాసంలో ఆ గడిలో నా పేరుంది.

నర్సయ్యకు ఒక ప్రతి పంపుతానని చెప్పి వచ్చాను. అది బీరువాలో ఉంది, కవరు మీద అడ్రసు కూడా రాసి ఉంది. దాన్ని కాకుండా, అచ్చయితే దీన్ని పంపుదామని ఇప్పుడు కూర్చుని ఇదంతా రాశాను. నర్సయ్యకు చదువు రాదు, దుకాణంలో ఎవరితోనో చదివించుకుంటాడు. ఆ చదివేవాడు, చుట్టూ చేరి వినేవాళ్ళు, వంటవాడి మాట దగ్గరికి వచ్చినప్పుడు నవ్వకుండా ఉంటే చాలు.